గోడ లేని పక్క

మా ఆయనకి సత్తెనపల్లిలో విత్తనాలు, పురుగుమందుల షాపు ఉంది. వారమంతా రైతులకి నల్లి గురించీ తెల్లదోమ గురించీ చెప్పి చెప్పి, ఆదివారం మధ్యాహ్నం షాపు కట్టేసి వచ్చాక ఆయనకి కావలసింది ఒక్కటే. అన్నం తిని, మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆట ఆడటం. పెళ్ళయిన కొత్తలో ఇదెక్కడి మనిషి అనుకున్నాను. కొన్నాళ్ళకి ఆయన కంటే నాకే పిచ్చి ఎక్కువైంది. అత్తయ్య పక్కగదిలో కునుకు తీస్తుంటే మేమిద్దరం గొంతు తగ్గించుకుని యుద్ధాలు చేసేవాళ్ళం.

అది వంతుల ఆట. తుపాకులు పట్టుకున్నవాళ్ళు నలుగురు మనవైపు, అటు శత్రువులు. నేలంతా గళ్ళు. మన వంతులో మనవాళ్ళని జరుపుకుని, కాల్చుకుని, చివర్లో వంతు ముగిసిందని ఒక బటన్ నొక్కాలి. ఆ తర్వాత వాళ్ళ వంతు. వాళ్ళు కాలుస్తుంటే మనం చెయ్యగలిగిందేమీ లేదు, చూస్తూ కూర్చోవడమే. అందుకని ఆటంతా ఆ బటన్ నొక్కేముందు ఎవర్ని ఏ చాటున నిలబెట్టామన్న దాంట్లోనే ఉంది. నడుమెత్తు గోడయితే సగం చాటు, నిలువెత్తు గోడయితే నిండు చాటు. ఎంత చాటుందో చూపించడానికి మనిషి పక్కన చిన్న డాలు బొమ్మ వస్తుంది.

మొదట్లో నేను గోడ ఉంటే చాలనుకున్నాను. మనవాణ్ణి తీసుకెళ్ళి గోడకి ఆనించి, హమ్మయ్య అనుకునేదాన్ని. శత్రువు చుట్టూ తిరిగి పక్కకి వచ్చి కొట్టేవాడు. గోడ అక్కడే ఉండేది, మనిషి పోయేవాడు. ఇదేం అన్యాయమని నేను గొడవపడితే, మా ఆయన నన్ను షాపుకి తీసుకెళ్ళి యూరియా బస్తాల వరస వెనకాల నిలబెట్టాడు. ముందు నిలబడి, "నేను కనిపిస్తున్నానా?" అన్నాడు. లేదన్నాను. పక్కకి వచ్చి, "ఇప్పుడు?" అన్నాడు. బస్తాలకి అడ్డం ఉండటం తెలుసు గానీ తిరగటం తెలియదని ఆ రోజు నా బుర్రకెక్కింది. ఆ పక్కనుంచి పడే దెబ్బ మామూలు దెబ్బ కంటే గట్టిగా పడుతుంది. మేం దానికి పక్కదెబ్బ అని పేరు పెట్టుకున్నాం.

నాది దూకుడు, ఆయనది నిదానం. నలుగురిలో ఇద్దరు నావాళ్ళు, ఇద్దరు ఆయనవాళ్ళు. నిలువెత్తు గోడ ఎక్కడున్నా నావాళ్ళకి వదిలేసి, తనవాళ్ళని నడుమెత్తు గోడల వెనక వంగోబెట్టేవాడు. షాపులో రూపాయి తగ్గించరు గానీ ఇక్కడ మాత్రం దానకర్ణులని నేను ఏడిపించేదాన్ని. శత్రువుల్లో ఎక్కడో మేడ మీద నిలబడి, చాలా దూరం నుంచి గురి తప్పకుండా కొట్టేవాడొకడు ఉండేవాడు. వాడికి మా ఆయన మేనత్త పేరు పెట్టాం. ఆవిడది పొన్నూరు. పెళ్ళిపందిట్లో ఆ చివర కూర్చుని ఈ చివరున్న మనిషికి తగిలేలా మాట వెయ్యగలదు.

పెళ్ళయి ఏళ్ళు గడుస్తున్నా పిల్లలు కలగలేదు. పోయిన వానాకాలంలో గుంటూరు వెళ్ళి ఇద్దరం పరీక్షలు చేయించుకున్నాం. లోపం నాలోనే ఉందనీ, మందులతో సర్దుకునేది కాదనీ డాక్టరమ్మ మెల్లగా, ఎక్కడా మాట కరుకు కాకుండా చెప్పింది. తిరిగి వస్తుంటే పేరేచర్ల దగ్గర టీ కోసం కారు ఆపాడు. నేను టీ తాగలేదు. ఆయన తాగి, గ్లాసు పెట్టేసి వచ్చి, కారు తియ్యకుండా కూర్చున్నాడు.

"ఇంట్లో లోపం నాదని చెప్తాను. నువ్వేం మాట్లాడకు," అన్నాడు.

ఎందుకన్నాను. నా మీదయితే నాలుగు రోజులు నవ్వుకుని ఊరుకుంటారు, నీ మీదయితే జన్మంతా వదలరు అన్నాడు. వద్దండీ అని ఒక్కమాట అనలేదు నేను. పైగా గుండెల మీంచి బరువు దింపినట్టయింది. ఎవరితోనూ అనని మాట ఇది. ఆ కారులో, ఆ నిమిషంలో నాకు సంతోషమే కలిగింది.

వానలు తగ్గాక పొన్నూరులో ఎవరిదో నిశ్చితార్థం. భోజనాల దగ్గర మేనత్త మొదలుపెట్టింది. ఊరందరికీ విత్తనాలు అమ్మేవాడికి సొంత చేలో మొలక రాలేదని అంది. బంతి బంతంతా నవ్వింది. మా ఆయనా నవ్వి, పులిహోర మారు వడ్డించుకున్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా ఆకు వైపు చూస్తూ కూర్చున్నాను. నోరు విప్పడానికి అదే నా వంతు. విప్పలేదు. అలాంటి వంతులు తర్వాత చాలా వచ్చాయి, ప్రతిసారీ నేను బటన్ నొక్కేసి ఊరుకున్నాను.

ఎదురుగా వచ్చే మాటలన్నీ ఆయనకే తగిలాయి. ఆ లెక్క ఆయన సరిగ్గానే వేశాడు. అత్తయ్య విషయంలోనే మా ఇద్దరి లెక్కా తప్పింది.

అత్తయ్య నోరున్న మనిషి. కూలీల మీద అరిస్తే రెండు పొలాల అవతలికి వినిపిస్తుంది. ఆమె కొడుకుని తిడుతుంది, ఏడుస్తుంది, కొన్నాళ్ళకి సర్దుకుంటుంది అనుకున్నాం. ఆమె తిట్టలేదు. నా దగ్గరికి వచ్చి నా తల నిమిరి, "మా వాడి వల్ల నీకీ గతి పట్టిందమ్మాయ్," అంది. ఆ రోజు నుంచి నన్ను కన్నకూతురి కంటే ఎక్కువగా చూసుకోవడం మొదలుపెట్టింది. పొద్దున్నే లేవనిచ్చేది కాదు. చేపల పులుసులో మంచి ముక్క నాకే. మా అమ్మకి ఫోన్ చేసి మీ పిల్లకి అన్యాయం చేశామని ఏడ్చింది. మా అమ్మ కంగారుగా నాకు చేసింది. మా అమ్మకీ నేను నిజం చెప్పలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేదాన్ని గానీ, ఆ ఇంట్లో దొంగ ఎవరని అడిగినవాళ్ళే లేరు.

తర్వాత పసరు వచ్చింది. ఒంగోలు వైపు ఏదో పల్లెలో ఆకుపసరు ఇచ్చే మనిషి ఉన్నాడని ఎవరో అత్తయ్యకి చెప్పారు. కొడుకుని వెంటబెట్టుకుని వెళ్ళి, ఆ ఆకు సంచినిండా తెచ్చుకుంది. రోజూ పొద్దున్నే రోట్లో నూరి, గుడ్డలో వడకట్టి, పరగడుపున తన చేత్తో ఆయన నోట్లో పోసేది. ఆకుపచ్చగా, చిక్కగా, వాసనకే కడుపు తిప్పేలా ఉండేది. లేని జబ్బుకి మా ఆయన కళ్ళు మూసుకుని ఆ మందు మింగేవాడు. కొన్నిసార్లు పెరట్లోకి పరిగెత్తి కక్కుకునేవాడు. అత్తయ్య వీపు రాసి మళ్ళీ పోసేది.

పసరుతో పథ్యం. కారం తగలకూడదు, పులుపు తగలకూడదు. మిరపకాయ పండించే నేల మీద పుట్టి, ఇడ్లీలో కూడా కారప్పొడి కలుపుకునే మనిషి, బీరకాయ చప్పిడి కూరా మజ్జిగా తింటూ కూర్చున్నాడు. కొడుకు తిననిది తన గొంతు దిగదని అత్తయ్య కూడా కారం మానేసింది. నన్ను మాత్రం మాననివ్వలేదు. "నువ్వేం పాపం చేశావమ్మా," అని నా ఒక్కదాని కోసం పండుమిరపకాయ పచ్చడి నూరేది, గోంగూర ఉడికించేది. వాళ్ళిద్దరూ చప్పిడి మెతుకులు తింటుంటే నేను ఎర్రెర్రని ముద్దలు కలుపుకుని తినేదాన్ని. తినకపోతే ఆమె బాధపడేది. తింటే నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది.

ఆపేయండి, నేను చెప్పేస్తానని ఒక ఆదివారం ఆయనతో అన్నాను. ఆట మధ్యలో ఉన్నాం. ఆయన తెర మీంచి కళ్ళు తిప్పలేదు. ఇంకొన్నాళ్ళు తాగితే ఆమెకే విసుగొచ్చి మానేస్తుంది, అమ్మ కదా, ఏదో ఒకటి చేశానన్న తృప్తి ఉండాలి అన్నాడు. అప్పటికే ఆయన బుగ్గలు లోపలికి పోయాయి. నేను సరే అన్నాను. ఎప్పటిలాగే నాకది హాయిగా ఉంది, ఆ హాయి చూసుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

శివరాత్రి వెళ్ళాక మా పొలంలో మిరపకాయ కోసి కల్లంలో ఆరబోశారు. కాయల్లోంచి తెల్లబారిన తాలు కాయలు ఏరుతూ కూలీలతో పాటు నేనూ అత్తయ్యా కూర్చున్నాం. ఎండెక్కాక కూలీలు అన్నాలకని బోరు దగ్గరికి వెళ్ళారు. పరదా నీడలో మేమిద్దరమే మిగిలాం. అత్తయ్య మాట్లాడకుండా ఉందంటే ఏదో కూడగట్టుకుంటోందని నాకు తెలుసు.

"అమ్మాయ్, కోపం తెచ్చుకోకుండా విను," అంది. "పసరు పని చేసేట్టు లేదు. వాడి రాత అంతే. నీకింకా వయసుంది. నువ్వు వేరే దారి చూసుకుంటానంటే నేను అడ్డురాను. మీ అమ్మావాళ్ళతో నేనే మాట్లాడతా. తప్పు మాదేనని పదిమందిలో చెప్తా."

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చేతులకి కారం కాబట్టి తుడుచుకోలేక, భుజం పైకెత్తి జాకెట్టుకి కళ్ళు ఒత్తుకుంది. ఒక్కగానొక్క కొడుకు ఒంటరిగా మిగిలిపోతాడని తెలిసీ, నా బతుకు బాగుపడాలని అడుగుతోంది ఆమె. తిట్టేవాళ్ళందరి ముందూ నాకు గోడ కట్టాడు మా ఆయన. ప్రేమగా వచ్చేవాళ్ళ వైపు కట్టాలని ఆయనకీ తోచలేదు, నాకూ తోచలేదు.

ఇక నా వల్ల కాలేదు. లోపం ఆయనది కాదు, నాదని చెప్పాను. గుంటూరులో డాక్టరమ్మ అన్నదీ, పేరేచర్లలో ఆయన అన్నదీ, నేను ఒప్పుకున్నదీ అన్నీ చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. ఏరుతూనే ఉంది. మంచి ఎర్రకాయలు తీసుకెళ్ళి తాలు కుప్పలో వేస్తోంది. చూస్తూ కూడా నేను అది తప్పని అనలేకపోయాను.

తిడుతుందని కాచుకుని కూర్చున్నాను. పుట్టింటికి పొమ్మంటే వెళ్ళిపోదామనీ అనుకున్నాను. గొడ్రాలన్నా పడదామనుకున్నాను. కొడుకుకి ఇంకో పెళ్ళి చేస్తానంటుందేమోనని కూడా అనుకున్నాను. ఆమె చేతిలో కాయ పడేసి తలెత్తింది.

"దాచారు సరే. నా నోటికి భయపడ్డారనుకుంటా," అంది. "ఆ పసరు నా చేత ఎందుకు పోయించావమ్మాయ్? వాడు కక్కుకుంటుంటే మళ్ళీ పోశాను గదా."

దెబ్బ తగిలితే నాకు తగలాలి, లేదంటే ఆయనకి తగలాలి అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆమెకి తగులుతోందన్న ఊహే నాకు రాలేదు. కూలీలు తిరిగి వస్తుంటే ఆమె లేచి చీర దులుపుకుని, నువ్వు నాకు చెప్పేసినట్టు వాడికి తెలియనివ్వకు, వాడు తట్టుకోలేడు అంది. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు పసరు లేదు. పసరు ఇచ్చినతను ఇక చాలన్నాడని కొడుకుతో చెప్పి, కంచంలో పచ్చడి వేసింది. మా ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. చూశావా, అమ్మకే విసుగొచ్చింది, నేను చెప్పలేదూ అన్నాడు నాతో.

మొన్న ఒక పెళ్ళిలో మేనత్త మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి నా మీదికి మాట తిప్పితే అత్తయ్య అడ్డుపడింది. "అవును వదినా, మా వాడికే రాత లేదు. పిల్లనేమీ అనకు," అంది, అందరికీ వినపడేట్టు. కొడుకుని అలా అన్నాక ఆమె ఆ పూట అన్నం తినలేదు. నేను ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను. అప్పుడు కూడా నేను నోరు తెరవలేదు.