ఉప్పేసిన మామిడి జామ్

చేతికి కొత్తగా డిప్లొమా వచ్చిన వయసులో మనిషికి ఇంట్లోవాళ్లంతా తెలివితక్కువవాళ్లుగానే కనిపిస్తారు. నాకు మా ఇంటి పొయ్యి కూడా అలాగే కనిపించేది. పండ్లు నిల్వచేసే చదువొకటి చదివి ఆళ్లగడ్డకు తిరిగొచ్చిన ఆ వేసవిలో నేను వంటింట్లోకి థర్మామీటరు పట్టుకుని వెళ్లేవాణ్ణి. మా అమ్మ దాన్ని చూసి, "జరమొచ్చింది పొయ్యికా, నీకా?" అని అడిగింది. (జ్వరం నాకేనని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.) శనగ పంట తప్ప వేరే లోకం తెలియని మా నాయనకు నా చదువు మీద మొదటినుంచీ నమ్మకం లేదు. "మొగోనివి, రొట్టెల మీద పూసేది నేర్చుకోనీకి మూడేండ్లా?" అనేవాడు. నమ్మకం పెట్టుకున్నది మా జేజి ఒక్కతే. నాయన తల్లి. ఊళ్లో ఎవరింట్లో ఆవకాయ పెట్టాలన్నా కారం, ఉప్పు పాళ్లు చూడ్డానికి ఆమెనే పిలిచేవారు.

నంద్యాలలో జామ్‌లు తయారుచేసే చోట సూపర్‌వైజర్ పని ఉందని తెలిసి దరఖాస్తు పెడితే, సొంత చేత్తో చేసిన జామ్ రెండు సీసాలు తీసుకుని రమ్మన్నారు. బనగానపల్లె మామిడిపండ్లు తెచ్చి, గుజ్జు తీసి, చక్కెర, నిమ్మరసం కలిపి తెల్లవారుజామునే పొయ్యి మీద పెట్టాను. పక్క పొయ్యి మీద గాజు సీసాలు నీళ్లలో మరుగుతున్నాయి. జేజి పీట వేసుకుని కూర్చుంది. "సీసాలు ఉడకబెట్టి యాడ తింటావు నాయనా?" అంది. క్రిములు చావాలని చెప్పాను. గిన్నెలోకి తొంగిచూసి, "ఉప్పు ఎప్పుడేస్తావు?" అంది. జామ్‌లో ఉప్పు వేయరన్నాను. "ఉప్పు ల్యాకుండా ఏది నిలుస్తాదిరా?" అంది. చక్కెర నిలబెడుతుందని, దానికి లెక్క ఉంటుందని అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆమె అంతా విని, తల ఊపి, "నీ చదువు నీకు తెలుస్తాదిలే" అంది. ఆ తల ఊపడాన్ని ఒప్పుకోవడం అనుకున్నాను.

పాకం కుదిరిందో లేదోనని చల్లని పళ్లెం మీద చుక్క వేసి చూస్తే జారకుండా నిలిచింది. వేడివేడిగా ఐదు సీసాలకు నింపి, మూతలు బిగించి, ఇంటర్వ్యూకి మనిషిలా కనపడాలని క్షవరానికి వెళ్లాను. తిరిగొచ్చి సీసాలు తుడిచి, నా పేరు రాసిన కాగితాలు అంటించాను. బంగారు రంగులో మెరిసిపోతున్నాయి. మరునాడు పొద్దున రెండు సీసాలు తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని, నంద్యాల చేరేదాకా బస్సులో పక్కవాడి మోచెయ్యి కూడా తగలనివ్వలేదు.

అక్కడి పెద్దసారు అడిగిన ప్రతిదానికీ గడగడా చెప్పాను. ఆయన మొహం కూడా విచ్చుకుంది. తర్వాత సీసా మూత తిప్పాడు. గట్టిగా మూసిన సీసా తెరిస్తే టప్పుమని శబ్దం రావాలి. రాలేదు. ఆయన ఒకసారి నా వంక చూసి, చెంచాతో తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. మంచినీళ్లు తాగి, "ఏమప్పా, ఆళ్లగడ్డలో సముద్రం యాడ దొరికింది నీకు?" అన్నాడు. పక్కన కూర్చున్న ఇద్దరూ నవ్వారు. రెండో సీసా కూడా తీశాడు. అందులోనూ సముద్రమే.

ఇంటికి వచ్చేసరికి జేజి గడపలోనే ఉంది. "ఏమన్యారు నాయనా?" అని ఆశగా అడిగింది. "సీసాల్లో ఉప్పేసింది ఎవరు?" అన్నాను. ఆమె దాచలేదు. "నేనే. నువ్వు కటింగ్‌కు పోయినప్పుడు తీసి, తలా ఒక చెంచా ఏసి కలిపినా. చెడిపోతే నీకు పని ఈరేమో అని." నేను అన్న మాటలు ఇప్పుడు పూర్తిగా రాయలేను. చదువురాని ముసలిదానివి అన్నాను. నా బతుకులో చెయ్యి పెట్టావన్నాను. ఆవకాయకు పిలిచేవాళ్లకు బుద్ధి లేదన్నాను. మా నాయన, నన్ను ఏనాడూ మెచ్చుకోని మనిషి, లేచి బయటికి వెళ్లిపోయాడు. జేజి మాత్రం, "అట్లనా" అని ఊరుకుంది.

ఆ తర్వాత ఆమె పప్పులో ఉప్పు వేయాలన్నా మా అమ్మను అడిగేది. "ఏద్దునా?" అని, డబ్బా చేతిలో పట్టుకుని నిలబడేది. అరవై ఏళ్లు పాళ్లు చూసి వేసిన చెయ్యి అది. ఆ ఏడు ఆవకాయకు పిలిస్తే నడుం నొప్పి అని పోలేదు. మిగిలిన మూడు సీసాలు నేను పారేయబోతే లాక్కుని తన పెట్టె మీద పెట్టుకుంది. రోజూ పొద్దున జొన్నరొట్టెకు పూసుకుని, మొహంలో ఏ మార్పూ లేకుండా తినేది. "బాగుండాది నాయనా, రా, ఒక ముక్క తిను" అని పిలిచేది. నేను కోపంతో పక్క గదిలోనే ఉండేవాణ్ణి. దాదాపు రెండు నెలలు తిని మూడూ ఖాళీ చేసింది. నేను ఒక్కరోజు కూడా వెళ్లి పక్కన కూర్చోలేదు. తర్వాతి చలికాలంలో జేజి పోయింది. నేను క్షమించమని అడగలేదు. అడుగుదామని అనుకున్నానేమో కూడా, గుర్తులేదు. అనుకున్నానని ఇప్పుడు చెప్పుకోవడం తేలిక.

ఇప్పుడు నేను నంద్యాలలోనే ఉంటాను. పండ్లకు సంబంధం లేని ఉద్యోగం. మధ్యాహ్నం మా ఆవిడ కంచం పెట్టి ఎదురుగా కూర్చుంటుంది. నేను వెంటనే, "చాలా బాగుంది" అంటాను.

"ఇంగా నోట్లో పెట్టుకోలేదు గదా" అంటుంది ఆమె.