మేడంకి చెప్పొద్దు

పెద్దాసుపత్రి మందుల కౌంటరు వెనక ఏళ్ళ తరబడి నిలబడిన మనిషి కాబట్టి, రోగులు ఆమెను మాత్రలమ్మ అనేవారు. డాక్టరు రాత కోడి గెలికినట్టున్నా చదివేసి, ఏ మాత్ర తిండికి ముందో, ఏది తరవాతో మళ్ళీ మళ్ళీ చెప్పి పంపేది. భర్త ఓడరేవుల్లో క్రేన్లు బాగుచేసే ఇంజనీరు. కంపెనీ ఆయన్ని పరాయి దేశపు రేవుకి బదిలీ చేస్తే, మాత్రలమ్మ ఉద్యోగం మానేసి, ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళింది. పెద్దదానికి పదమూడేళ్ళు, చిన్నదానికి ఎనిమిది.

అక్కడి బడుల్లో చదువంతా అక్కడి భాషలోనే. ఇంగ్లీషులో చెప్పే బడి ఒకటుంది గానీ, సీట్లు లేవు, వచ్చే ఏడు చూద్దామన్నారు. అందాకా ఏం చెయ్యాలి? టీ తాగుతూ భర్తే తేల్చేశాడు.

“ఇంట్లోనే చదివిద్దాం. మా కంపెనీలో సగంమంది చేస్తున్నది అదే. పుస్తకాలు తెప్పిస్తాను, నువ్వు చెప్పు.”

“నేనా? మందులివ్వడమే గానీ, నేనెప్పుడైనా పాఠాలు చెప్పానా?”

“చెప్పిందే చెప్పి పంపేదానివిగా అందరికీ! టీచర్లు మాత్రం అంతకంటే ఏం చేస్తారు?”

అలా భోజనాల బల్ల బడి అయింది. కిటికీ పక్క గోడకి తెల్లబోర్డు తగిలించారు. కానీ మొదట్లో ఎవరూ మాట వినలేదు. లెక్క సగంలో ఉండగా “అమ్మా, ఆకలి” అని ఒకతె, “అమ్మా, అక్క నా రబ్బరు తీసుకుంది” అని ఇంకొకతె. మాత్రలమ్మ విసిగిపోయి మార్కరుతో బల్లమీద కొట్టింది.

“భోజనాల వేళ దాకా నేను అమ్మని కాదు. మేడంని. అలాగే పిలవాలి.”

“చిత్తం మేడంగారూ!” అని పెద్దది మూతి తిప్పింది. చిన్నది మాత్రం ఆ మాటని బుద్ధిగా పట్టుకుంది. పొద్దున్నే తల దువ్వించుకుని, గుమ్మంలో నిలబడి, “లోపలికి రావచ్చా మేడం?” అని అడిగేది. అన్నానికి కూర్చున్నాక, “అమ్మా, ఇవాళ మా మేడం నన్ను మెచ్చుకుంది” అని చెప్పేది. మాత్రలమ్మ మొదట నవ్వుకునేది. రానురాను ఆమె కూడా “అలాగా! ఏమందేంటి మీ మేడం?” అని అడగడం మొదలుపెట్టింది.

ఒకరోజు పెద్దది స్నానానికి వెళ్ళిన సమయం చూసి చిన్నది చెయ్యెత్తింది.

“మేడం, మీకొకటి చెప్తాను. మా అమ్మకి చెప్పకండి.”

మాత్రలమ్మ చేతిలో మార్కరు అలాగే ఉండిపోయింది. “చెప్పనులే. ఏంటది?”

“నాకు ఎక్కాలు రావు. అక్క చిన్నగా అందిస్తుంటే చెప్పేస్తున్నాను. మీరు రోజూ నేర్పిస్తూనే ఉండాలి. మా అమ్మకి తెలిస్తే బాధపడుతుంది.”

“మీ అమ్మ ఏమీ అనదులే.”

“మీకు తెలీదు మేడం. ఆవిడ పైకి ఏమీ అనదు.”

ఆ పూట అన్నం వడ్డిస్తూ మాత్రలమ్మ చిన్నదాని ముఖంకేసి చూస్తూనే ఉంది. అడుగుదామని నోటి దాకా వచ్చి ఆగిపోయింది. అడిగితే మేడం మాట తప్పినట్టవుతుంది. అడక్కపోతే తల్లి అయ్యుండి తెలిసీ ఊరుకున్నట్టవుతుంది. చివరికి బాల్కనీలో బట్టలు మడతపెడుతూ పెద్దదాన్ని పట్టుకుంది.

“చెల్లికి ఎక్కాలు అందిస్తున్నావా నువ్వు?”

“నేనా? బాగుంది! పదిహేడో ఎక్కంలో నేను తడబడితే అదే నాకు అందించింది.”

ఇది చెల్లిని వెనకేసుకొస్తోందా, అది అక్క మీద నెట్టేసిందా? కౌంటరు దగ్గర ఎన్ని ముఖాలో చూసిన మనిషి, కన్నబిడ్డల ముఖాల్లో ఏది నిజమో పోల్చుకోలేకపోయింది. సాయంత్రం భర్తకి చెబితే ఆయన ముందు పగలబడి నవ్వి, తరవాత తల గోక్కున్నాడు.

“అయితే ఈ సంగతి నీకు తెలిసినట్టా, తెలియనట్టా?”

“అదే తెలియకే కదా మిమ్మల్ని అడుగుతున్నాను!”

“నన్నడిగితే? ఆ మేడంని ఇంట్లోకి తెచ్చింది నువ్వే. పోనీ, ట్యూషన్ పెట్టిద్దాం. పిల్లకి ఏం వచ్చో, ఏం రాదో వాళ్ళే చెప్తారు.”

ట్యూషన్ టీచరు కూడా ఆ దేశపు మనిషి కాదు. కత్తిరించుకున్న నెరిసిన జుట్టు, రబ్బరు బూట్లు, భుజాన పెద్ద గుడ్డసంచి. తమలాగే వచ్చిపడిన వాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి ఇంగ్లీషులో పాఠాలు చెబుతుందట. వస్తూనే మాత్రలమ్మను వేరే గదిలో ఉండమంది. తన ఇంట్లో, తన బల్ల దగ్గర నుంచి తననే పొమ్మన్నట్టుగా అనిపించింది మాత్రలమ్మకి. తలుపుకి చెవి ఆనించి నిలబడితే చిన్నదాని నవ్వులు వినిపించాయి. ఎక్కాలు రాని పిల్ల లెక్కల్లో ఎందుకు నవ్వుతోందో అంతుపట్టలేదు.

కొన్ని క్లాసులయ్యాక, లిఫ్టు కోసం నిలబడినప్పుడు ఆవిడే మాట తీసింది.

“మీ చిన్నమ్మాయికి ట్యూషన్ అక్కర్లేదండీ. ఎక్కాలన్నీ వచ్చు. తిరగేసి అడిగినా చెప్పేస్తోంది.”

“రావని తనే చెప్పిందండీ నాతో!”

“ఎవరితో? మీతోనా, మేడంతోనా?”

మాత్రలమ్మ లిఫ్టు మీట మళ్ళీ నొక్కింది.

“నాతోనూ ఒకటి చెప్పింది. మేడంకి చెప్పొద్దంది. మీరు తల్లి కాబట్టి మీతో చెప్పొచ్చేమో మరి…” ఆవిడా ఎటూ తేల్చుకోలేక ఆగింది. “చెప్పొచ్చంటారా?”

“అమ్మకే చెప్పండి,” అంది మాత్రలమ్మ.

“మేడం వాళ్ళ ఊళ్ళో మంచి ఉద్యోగం మానేసి వచ్చిందట. ఆ మాట ఫోనులో ఎవరికో చెప్పుకుని ఏడ్చిందట. ఇప్పుడావిడకి ఉన్నది ఈ బల్ల దగ్గర ఉద్యోగమే. పిల్లలకి అన్నీ వచ్చేస్తే అదీ పోతుంది. అందుకని మీ చిన్నమ్మాయి ఏమీ రానట్టు ఉంటోందట.”

లిఫ్టు వచ్చింది. ఆవిడ ఎక్కి వెళ్ళిపోయింది. మాత్రలమ్మ అక్కడే నిలబడింది. తన అక్కతో ఫోనులో మాట్లాడిన రోజు స్నానాలగదిలో కొళాయి తిప్పుకునే ఏడ్చింది. ఎవరూ వినలేదనుకుంది. పిల్ల మీద జాలిపడాలో, తన మీద తను సిగ్గుపడాలో తెలియలేదు. కోపం కూడా వచ్చింది గానీ, ఎవరి మీదో తేలలేదు.

మర్నాడు బోర్డు తుడవకుండానే చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

“చిన్నీ, ఇవాళ్టి నుంచి మేడం రాదు. అమ్మే చెప్తుంది.”

చిన్నదాని ముఖం పాలిపోయింది. “ట్యూషన్ టీచరు వచ్చిందని తీసేశారా?”

“ఎవరూ తీసెయ్యలేదమ్మా. తనే మానేసింది.”

“మళ్ళీనా?”

ఆ ఒక్క మాటకి మాత్రలమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి ముంచుకొచ్చాయి. పిల్లని ఒళ్ళోకి లాక్కుంది.

“ఉద్యోగం మానేసినందుకు నాకు బాధగానే ఉంది. అది నీ వల్ల కాదు. నీకు ఎక్కాలొస్తే నేను సంతోషిస్తాను.”

“మేడం కూడా సంతోషిస్తుందా?”

“ఆవిడా సంతోషిస్తుంది.”

చిన్నది కాసేపు అనుమానంగా చూసి, ఊపిరి పీల్చుకుని, పందొమ్మిదో ఎక్కం కొస దాకా గడగడా అప్పజెప్పేసింది. ఆ తరవాత వెళ్ళి నీళ్ళు తాగొచ్చింది.

కొన్నాళ్ళకి ట్యూషన్ టీచరు ఫోన్ చేసింది. ఎదురు భవనంలో పెద్ద తరగతి పిల్లలు కొందరికి కెమిస్ట్రీ చెప్పేవాళ్ళు దొరకడం లేదట, వస్తారా అని. మాత్రలమ్మ వస్తానంది గానీ, ఆ ఉద్యోగం నిజంగా ఉండి పిలిచారో, తన చిన్నకూతురు బతిమాలితే సృష్టించారో అర్థం కాలేదు. అడిగితే టీచరు నవ్వి ఊరుకుంది. చిన్నది “నాకేం తెలీదు” అంది.

మరుసటి ఏడు సీట్లు దొరికాయి. పిల్లలిద్దరూ బస్సెక్కి బడికి వెళ్ళిపోతున్నారు. మాత్రలమ్మ మాత్రం వారానికి రెండు మధ్యాహ్నాలు రోడ్డు దాటి ఎదురు భవనానికి వెళ్తూనే ఉంది. ఒకరోజు ఆమె ఏదో ఆలోచిస్తూ ఇంటికొస్తే భర్త పలకరించాడు.

“ఏంటి అలా ఉన్నావు? పాఠం అర్థం కాలేదా?”

“కాలేదు.”

“ఎవరికి?”

“నాకే. గ్లాసెడు నీళ్ళలో చెంచాడు ఉప్పు కరిగితే నీళ్ళు అంత పెరగాలిగా, ఎందుకు పెరగలేదని అడిగిందొక పిల్ల. ఏదో చెప్పాను. సరిగ్గా చెప్పానో లేదో!”

చెప్పులు విప్పి, వంటింట్లోకి వెళ్ళి, ఒక గ్లాసూ ఉప్పు డబ్బా తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చుంది.