దినం నాటి బండి తాళాలు

ఈ రోజు లాల్‌దర్వాజాలో మా చిన్నాయన దినం. పది రోజుల కిందట ఎవడో తాగి కారు నడుపుతూ ఆయన స్కూటర్‌ను గుద్దేశాడు. పొద్దున్నుంచి చుట్టాలందరూ వాణ్ణి తిడుతూనే ఉన్నారు. మధ్యాహ్నం మటన్, దాంతోపాటు మా ఆనవాయితీ ప్రకారం మందు. ఫొటో ముందు చిన్నాయనకూ ఒక గ్లాసు పోసి పెట్టారు.

మూడింటికి చిన్నమ్మ తమ్ముడు తూలుతూ వెళ్లి బైక్ ఎక్కాడు. వెనక పదేళ్ల కూతురు కూర్చుంది. నేను వెళ్లి హ్యాండిల్ పట్టుకున్నాను.

“ఇడువు అల్లుడా, జహనుమాల మా ఇల్లు గిక్కడే. ఏం ఫికర్ లేదు, నేను మస్తు హోష్‌ల ఉన్న,” అంటూ స్టార్ట్ చేశాడు. బండి ఒక్కసారిగా ముందుకు దూకింది. నా చెయ్యి జారిపోయింది. పాప కెవ్వుమంది.

చిన్నమ్మ ఎప్పుడొచ్చిందో, బండికి ఎదురుగా నిలబడి ఉంది. ముందు చక్రం ఆమె చీర కుచ్చిళ్లకు తగిలి ఆగింది. ఆమె వంగి తాళం చెవి లాగేసుకుంది.

“మీ బావను గుద్దినోడు గూడ ఇల్లు గిక్కడే అనుకొనే ఎక్కిండు కావొచ్చు తమ్మీ.”

లోపలికి వెళ్లి ఆ తాళాన్ని ఫొటో ముందున్న గ్లాసులో వేసింది. తర్వాత మా అందరి వైపు తిరిగి చెయ్యి చాపింది. ఎవరూ కదల్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, నేనూ రెండు పెగ్గులు వేశానని. నా తాళం నా జేబులోనే ఉంది.

దాన్ని చిన్నమ్మ చేతిలో పెట్టి, ఇది ఆటోలో ఇంటికి వెళ్తూ రాస్తున్నాను. మీ ఇళ్లలో దినాలకు మందు పోసేవాళ్లు ఉంటారు సరే, తాళాలు అడిగేవాళ్లు ఉన్నారా?