బ్యాటరీని కనిపెట్టుకుని ఉన్న మా అత్త

గార్డెన్ రీచ్‌లో ఉండే మా మేనత్త పోయిన బుధవారం ఉదయం కన్నుమూసింది. ఫోన్ వచ్చినప్పుడు నేను నదికి ఇవతల టికియాపారా రైల్వే క్వార్టర్లో బియ్యం కడుగుతున్నాను. అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. పాలు పొయ్యి మీద పెట్టి వరండాలోకి పోతాను, వెంటనే మళ్లీ లోపలికి వస్తాను. ఈ నాలుగు ముక్కలూ లేస్తూ కూర్చుంటూ రాస్తున్నవే. కుదురు లేకపోతే మన్నించండి.

ఆవిడ అక్కడి ఓడరేవు కూలీల పిల్లలకు తెలుగు చెప్పిన టీచరు. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక పాత లాప్‌టాప్ ఒకటి కొనుక్కుంది, చర్చి పాటలు టైపు చెయ్యడానికి. ఇప్పుడు ఇక్కడ బెంగాలీ బళ్లకు వెళ్లే మన పిల్లలకు తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. బెంగాలీ అక్షరాల్లో రాసిపెడితేనైనా తెలుగు పాట పాడతారని ఆవిడ ఆశ.

మొదట్లో దాన్ని రాత్రీ పగలూ ప్లగ్గులోనే ఉంచేసింది. ఏడాది తిరిగేసరికి కరెంటుతోపాటే అదీ ఆరిపోవడం మొదలైంది. ఎప్పుడూ నిండుగా ఉంచినా, పూర్తిగా ఖాళీ చేసినా, వేడి తగిలినా ఆయుష్షు తగ్గిపోతుందని కొత్త బ్యాటరీ వేసిన దుకాణం బెంగాలీ దాదా చెప్పాడట. ఇక అత్తకు నిలకడ లేదు. తాలింపు మధ్యలో వదిలి వచ్చి చార్జింగు ఎంతయిందో చూసేది. ఎనభై శాతం దగ్గర ప్లగ్గు లాగేసేది, ముప్పైకి దిగుతోందంటే మళ్లీ పెట్టేది. పరుపు మీద ఉంచనిచ్చేది కాదు. ఎండాకాలం దాని అడుగున చెయ్యి పెట్టి, జ్వరమొచ్చిన పిల్ల ఒళ్లు చూసినట్టు చూసేది.

"మెడదాకా మేపకూడదు, కడుపూ మాడ్చకూడదు. మనిషికైనా అంతే కదేటి," అనేది.

నేను లాంచీలో నది దాటి, బస్సెక్కి వెళ్లి కబుర్లు చెబుతుంటే మధ్యలో అలా లేచిపోయేది. నాకు విసుగొచ్చేది.

అత్త ఇంటి కింది వాటాలో శ్రీకాకుళం వైపు అమ్మాయి ఒకతె ఉండేది. భర్త సరుకుల ఓడలో వంటవాడు. అతను ఓడెక్కాక కొడుకు పుట్టాడు. ఆ వానాకాలం సముద్రంలో తుఫాను అన్నారు. తర్వాత వారాల తరబడి కబురు లేదు. ఆ పిల్ల తిండి మానేసింది. చివరికి ఓడవాళ్లు ఫోన్ చేశారు. ఏదో రేవు చేరారట, ఆ మధ్యాహ్నం అతను ఇంటర్నెట్‌లో కనిపిస్తాడట.

ఆ రోజు నేనక్కడే ఉన్నాను. అందరం అత్త గదిలో చేరాం. అతనింకా రాకముందే కరెంటు పోయింది. డేటా కార్డు ఉంది కాబట్టి నెట్ పోలేదు. ఇక బ్యాటరీయే దిక్కు. అత్త తెర వెలుతురు తగ్గించింది, అక్కర్లేనివన్నీ మూసేసింది, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉంది.

"టీచరమ్మా, అయిపోతాదేటి?" అని ఆ పిల్ల అడిగింది.

"అయిపోదు. ఇన్నాళ్లూ ఊరికే చూసుకున్నానేటి దాన్ని?" అంది అత్త.

అతను కనిపించేసరికి చార్జింగు సగానికి పడిపోయింది. గడ్డం పెరిగి, చిక్కిపోయి ఉన్నాడు. బిడ్డను దగ్గరగా చూపమని చేత్తో సైగ చేశాడు. తర్వాత ఇద్దరూ ఆగకుండా మాట్లాడారు. చార్జింగు ముప్పై దాటి కిందికి దిగింది. నేను అలవాటుకొద్దీ అత్త వైపు చూశాను. ఆవిడ కదల్లేదు. ఎర్ర గుర్తు వచ్చాక ఆ పిల్లే భయపడింది, "సాలు టీచరమ్మా, పాడైపోతాది" అని.

"పోతే పోనీ. దీనికోసం కాకపోతే దేనికి దాచినట్టు? నువ్వు మాట్లాడు."

అతను ఆ ఏడాది చివర్లో క్షేమంగా ఇంటికొచ్చాడు. మొన్న అత్త శవపేటిక మోసినవాళ్లలో అతనూ ఉన్నాడు.

నాకు మాత్రం, ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతుంటే, తెర నల్లబడిన ఆ క్షణమే కళ్ల ముందు మెదులుతోంది. ఎవరూ లేవలేదు. ఆ పిల్ల ఆరిపోయిన తెరకు ఎదురుగా బిడ్డను ఇంకా ఎత్తి పట్టుకునే ఉంది. అత్త వచ్చి పక్కన కూర్చుని, బిడ్డ వీపు కింద తన అరచెయ్యి ఆనించింది.