పళ్ళెం పట్టిన ఇంటిది పాట

మా బ్యాండుకు ఒక పాట రాదు. అంటే, రాదని చెప్పేవాళ్ళం. మధ్యలో ఈల వచ్చే తమిళ సినిమా పాట అది. అది వచ్చిన ఏడాది కృష్ణగిరిలో ఏ కాఫీ హోటల్లో రేడియో పెట్టినా అదే, టూరింగ్ టాకీసు వాళ్ళు టికెట్లు ఇచ్చే ముందు మైకులో వేసినా అదే. పెళ్ళివాళ్ళు వచ్చి అడిగితే నాయన "ఆ పాట మాకు రాదప్పా" అనేవాడు. "ఆ మాత్రం పాట రాకుండా మీదేం బ్యాండు?" అని కొందరు లేచి వేరే బ్యాండు దగ్గరికి పోయేవాళ్ళు. పోతే పోనీ. ఇన్నేళ్ళయినా ఆ పాట ఎక్కడైనా వినిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నాయన క్లారినెట్టు వాయించేవాడు, బ్యాండు మాస్టరు కూడా ఆయనే. నేను బేస్ ఊదేవాణ్ణి. భుజం మీదనుంచి నడుము చుట్టూ తిరిగి, తలపైన పెద్ద నోరు తెరుచుకునే ఇత్తడి బాకా అది. బెంగుళూరులో మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న సరుకు. హోసూరు బస్సెక్కితే దాన్ని టాపు మీద వేయమని కండక్టరు, వేస్తే సొట్ట పడుతుందని నేను, ప్రతిసారీ ఒక తగాదా. పాటంతా క్లారినెట్టు పాడుతుంది. బేస్ చేసేది అడుగున "భోం, భోం" అనడమే. పెళ్ళిలో బేస్ వినేవాడు ఎవడూ ఉండడు. పిల్లవెధవలు మాత్రం వెనకనుంచి దాని నోట్లోకి శనక్కాయ తొక్కలు విసురుతారు. కానీ జనం కాళ్ళు నడిచేది బేస్ మీద. నేను తొందరపెడితే ఊరేగింపు తొందరపడుతుంది, నేను సాగదీస్తే అదీ సాగుతుంది. ఈ సంగతి నాకు తెలుసు, నాయనకు తెలుసు, మా బ్యాండులో కొన్నేళ్ళు తాళాలు కొట్టిన ఇంకొకడికి తెలుసు. వాడి దగ్గరికే వస్తున్నాను.

ఏ పాట వాయించాలన్నదే మా ప్రాణాలు తోడేది. హోసూరు పక్క పెళ్ళయితే కన్నడ పాట లేదని మొహాలు ముడుచుకునేవాళ్ళు. మత్తూరు పక్క తమిళం కాకుండా ఇంకోటి ఎత్తితే కొట్టేటట్టు చూసేవాళ్ళు. మన తెలుగు ఇళ్ళల్లో అమ్మలక్కలు తక్కువ తిన్నారా? మొగుడొక పాట అంటే పెళ్ళాం ఇంకో పాట. హిందీ గొడవల కాలంలో బర్గూరులో పెళ్ళికొడుకు స్నేహితులే అడిగారని ఒక హిందీ పాట ఎత్తుకున్నాం. మేడ మీదనుంచి రాయి వచ్చి నా బాకాకు తగిలింది. అడిగిన మహానుభావుల్లో ఒక్కడు నోరు విప్పి "మేమే అడిగినాము" అంటే ఒట్టు. ఇక తాగి వచ్చేవాళ్ళు సరేసరి. మా జిల్లాలో మందు నిషేధం కాబట్టి కన్నడ సరిహద్దు దాటి అత్తిబెలెకు పోయి, అక్కడ పట్టించి, బస్సు దిగి నేరుగా మా ముందుకొచ్చి నిలబడేవాళ్ళు. పాట పేరు చెప్పరు. "అదేనప్పా, ఆయమ్మ ఏడుస్తాది సూడు, ఆ పాట" అంటారు. ఏడవని హీరోయిన్ ఎవతె, వీళ్ళ మొహం!

ఇన్ని రచ్చల మధ్య నాయన ఒక్క కట్టుబాటు మాత్రం తప్పేవాడు కాదు. ఊరేగింపు పోయే దారిలో ఏ ఇంటివాళ్ళయినా పళ్ళెంలో టెంకాయ, ఆకువక్క పెట్టుకుని ఎదురొస్తే మేళం ఆగాలి. వాళ్ళు కోరిన పాట ఒకటి వాయించాలి. పళ్ళెం పట్టిన ఇంటిది పాట. అది అయ్యేదాకా పెళ్ళికొడుకు మాట కూడా చెల్లదు. ఒకసారి పేటలో ఒక ముసలమ్మ పళ్ళెం పట్టి భజన పాట అడిగింది. పెళ్ళికొడుకు తండ్రి, మామిడికాయల మండీ సాహుకారు, "ముసలిదానికి పాటొకటి, పదండప్పా" అని కసిరాడు. నాయన క్లారినెట్టు నోట్లోంచి తీసి "ఆయమ్మ పాట అయినాక మీ మాట వింటాను సామీ" అని చెప్పి, ఆ భజనను మామూలుకన్నా సాగదీసి సాగదీసి వాయించాడు. సాహుకారు ఎండలో నిలబడి చెమటలు తుడుచుకున్నాడు.

తాళాలు కొట్టినవాడు మా మేనత్త కొడుకు. నాకు బావ. మామ పోయినాక మేనత్త వాణ్ణి తీసుకుని మా ఇంటికే వచ్చింది. మా ఇంట్లో తిన్నాడు, మా బ్యాండులో తాళాలు కొట్టాడు, పెళ్ళిళ్ళకూ చావులకూ మాతోపాటు నడిచాడు. మా అక్కను వాడికే ఇస్తారని అందరూ అనుకున్నదే. మా వైపు వరసైనవాడు వద్దన్నాడంటే, వాడికేం రోగమని ఎవరూ అడగరు. పిల్లలో ఏం లోపం ఉందో అంటారు.

వాడికి బెంగుళూరులో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు పని దొరికింది. ఇంకేం, అక్కడే గది తీసుకుని తల్లిని పిలిపించుకున్నాడు. ఒకసారి వచ్చినప్పుడు చేతికి గడియారం. ఇంకోసారి నల్లద్దాలు. ఆ తర్వాత మాట మారింది.

"తప్పుగా అనుకోవద్దు మామా. మీ మామ ఏం పని చేస్తాడని కంపెనీలో అడగతారు. మేళమని యాడ చెప్పేది?" అన్నాడు మా అరుగు మీదే కూర్చుని.

నేను ఊరుకోలేదు.

"నిన్న మొన్నటిదాకా ఆ మేళంలో తాళాలు కొట్టింది నువ్వే గదరా? మీయమ్మ పుట్టింది యాడ, రాజుగారి కోటలోనా?" అన్నాను.

వాడు నన్ను చూసి నవ్వాడు. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళు చాలామంది ఉంటారు, తగలేస్తూ నవ్వేవాణ్ణి వాణ్ణొక్కణ్ణే చూశాను.

కృష్ణగిరిలోనే, మాకు రెండు వీధుల అవతల, ఒక బట్టల కొట్టాయన కూతురితో వాడికి కుదిరింది. మేనత్త వచ్చి నాయన ముందు కూర్చుంది.

"అన్నా, నువ్వే వాయించాల. సొంత మేనమామ రాకపోతే ఎందుకు రాలేదని ఊరు అడగతాది. అడిగితే మాట యాడికి పోతాది? పిల్ల మిందికే గదా" అంది.

ఆ మాట నిజం, అందుకే నాకు మరీ మండింది. అప్పటికే ఒక సంబంధం వాళ్ళు "సొంత బావే వద్దన్నాడంట, ఎందుకో?" అని మెల్లగా జారుకున్నారు. ఇప్పుడు మేము పోకపోతే ఆ "ఎందుకో" అక్క మెడకు శాశ్వతంగా చుట్టుకుంటుంది. నాయన ఒప్పుకున్నాడు.

పాటలు చెప్పడానికి పెళ్ళికొడుకే వచ్చాడు. కాలు మీద కాలు.

"మీ వీధిలోకి రాంగానే ఆ ఈల పాట ఎత్తుకోవాల మామా. మీ ఇంటి ముందర ఆగి వాయించాల. బెంగుళూరు నుంచి నా ఫ్రెండ్స్ వస్తా ఉండారు, ఆడ డాన్సు చేస్తారు."

"మా ఇంటి ముందరే ఎందుకప్పా?" అన్నాడు నాయన.

"ఈడ వీధి వెడల్పు గదా."

వెడల్పట, వెడల్పు! వంటింట్లో అక్క గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. వాడు వెళ్ళేదాకా మళ్ళీ వినిపించలేదు.

ఆ వారమంతా నాకు ఒకటే ఆలోచన. చావు ఊరేగింపుకు బేస్‌లో ఒక నడక ఉంటుంది. ఒక పొడుగు ఊపు, ఒక ఖాళీ, మళ్ళీ ఒక పొడుగు ఊపు. పీనుగ నడక అంటాం. ఆ ఈల పాట కింద నేను దాన్ని పెట్టేస్తాను. పైన క్లారినెట్టు కులాసాగా పాడుతూనే ఉంటుంది, జనానికి అంతు పట్టదు. ఆ నడకకు తాళాలు కొట్టిన వాడొక్కడికే అర్థమవుతుంది. ఎక్కి కూర్చున్న కారులో వాడి కాళ్ళు చల్లబడాలి. పెరట్లో దాన్నే సాధన చేస్తుంటే అక్క చేతినిండా చింతపండుతో వచ్చింది. నా బాకాను చింతపండు పెట్టి తోమేది తనే.

"రేయ్, అది పీనుగ నడక గదా?" అంది.

"అవును. వానికి తెలియాల."

"ఏం తెలియాల?"

"వాడు మనకు సచ్చినోడితో సమానమని."

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది" అంది అక్క. "వాని పెండ్లిలో ఏడుపు పాట వాయిస్తే, ఏడ్చింది నేనని అనుకుంటాడు. ఇంకా పొంగిపోతాడు. వాని కోసరం ఒకతి ఏడస్తా ఉండాదని బెంగుళూరంతా చెప్పుకోవాల్నా? నేను ఏడవలేదురా. నాకు కోపం. ఒట్టి కోపం."

ఆమె చింతపండుతో బాకా నోరు తోముతూ "నాయన చెప్పింది ఊదు సాలు. నా సంగతి నేను సూసుకుంటా" అంది.

పెళ్ళినాడు పొద్దున, బాగా ఎండెక్కినాక సత్రం నుంచి పెళ్ళికూతురి ఇంటికి బయలుదేరాం. పైకప్పు లేని బాడుగ కారు, దానికి చామంతి దండలు, లోపల నల్లద్దాలతో వాడు, పక్కన మేనత్త. ముందు చేతిరుమాళ్ళు ఊపుతూ వాడి బెంగుళూరు స్నేహితులు. మా వీధి మలుపు తిరిగేసరికి ప్రతి అరుగు మీదా ఆడవాళ్ళు. వాళ్ళ చూపులు కారు మీదికి, అక్కడినుంచి మా గుమ్మం మీదికి. చెవుల్లో చెవుల్లో గుసగుస. స్నేహితులు "ఈల పాట! ఈల పాట!" అని కేకలు పెట్టారు. నాయన క్లారినెట్టు పెదాలకు ఆనించాడు. నేను ఊపిరి బిగపట్టాను.

మా తలుపు తెరుచుకుంది. అక్క వచ్చింది. రోజూ కట్టుకునే చీరే, తలలో కనకాంబరాలు, చేతిలో పళ్ళెం. పళ్ళెంలో టెంకాయ, ఆకువక్క. వచ్చి వీధి మధ్యలో నిలబడింది.

నాయన క్లారినెట్టు దించాడు. అందరినీ అడిగినట్టే అడిగాడు. "ఏం పాట కావాలమ్మా?"

"పాట వద్దు నాయనా. నా పాటకు ఎవురూ ఏమీ వాయించొద్దు. ఈ వీధి దాటేదాకా సప్పుడు లేకుండా సుమ్నే పొండి."

వీధంతా వినేట్టు చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి "నువ్వూ ఊదొద్దు" అంది. నా బుద్ధి ఆమెకు తెలియనిదా? పళ్ళెం నాయన చేతిలో పెడుతూ, "వీధి దాటినాక మాత్రం బాగా వాయించండి. ఆ పెండ్లికూతురు ఏం తప్పు చేసింది, పాపం" అని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మూయలేదు.

కారులో వాడు లేచి నిలబడ్డాడు. "ఇదేం పాట? సుమ్నే పొయ్యేది కూడా ఒక పాటేనా? మామా, వాయించు!"

నాయన పళ్ళేన్ని డోలు వాయించే ఆయనకు అందించి, క్లారినెట్టు చంకలో పెట్టుకున్నాడు.

"పళ్ళెం పట్టిన ఇంటిది పాటప్పా. నీకు తెలీనిదా? మా మేళంలో తాళాలు కొట్టినోడివే గదా" అన్నాడు.

అంతే. ఊపుతున్న చేతిరుమాళ్ళు ఆగిపోయాయి. స్నేహితుల్లో ఒకడు వెనక్కి తిరిగి "తాళాలా? నువ్వా?" అని కన్నడంలో అడిగాడు. పెళ్ళికొడుకు నల్లద్దాలు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, కూర్చున్నాడు. నాయన ఆ మాట కావాలని అన్నాడో, మామూలుగా అన్నాడో నేను ఎప్పుడూ అడగలేదు. కావాలనే అని ఉండాలని నా కోరిక.

నడిచాం. చెప్పుల చప్పుడు, కారు గుర్రుగుర్రు. ఊదని బేస్ ఊదే బేస్ కన్నా బరువు. మా ఎదురింటి అవ్వ అరుగు మీదనుంచి వంగి చూసి, "పీనుగకైనా మేళం ఉంటాది గదప్పా. ఇదేం పెండ్లి?" అంది. పక్కింట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అరుగు అరుగూ దాటుకుంటూ మాతోపాటే వచ్చింది. మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వారమంతా నేను పీనుగ నడక సాధన చేశాను. మా అక్క దాన్ని ఒక్క ఊపు ఊదనివ్వకుండా వాడి చేత నడిపించింది.

తర్వాత ఊరు మాట్లాడింది, మాట్లాడకుండా ఉంటుందా? కానీ ఆ "ఎందుకో" అక్క మీదనుంచి జారి వాడి మీద పడింది. తాళాలు కొట్టినవాడు తాళాలు కొట్టలేదని చెప్పుకున్నాడట, మేనమామ మేళాన్ని దాచిపెట్టాడట అని. హోసూరు నుంచి ఒక టైలరు వాళ్ళు వచ్చి అక్కను అడిగినప్పుడు ఆ పళ్ళెం సంగతి వాళ్ళే ఎత్తి, నవ్వుతూ అడిగారు.

అదంతా తర్వాత. ఆ పొద్దు వీధి మూల దాటగానే నాయన ఆగాడు. క్లారినెట్టు రీడును నాలుకతో తడుపుకుని, వెనక్కి తిరిగి నన్ను చూశాడు. అన్నేళ్ళలో ఏ పాట ఎత్తుకోవాలని బేస్ ఊదేవాణ్ణి ఆయన ఒక్కసారి కూడా అడిగింది లేదు.

"ఏం పాట రా?" అన్నాడు.

"వాడడిగింది తప్ప ఏదైనా సరే నాయనా" అన్నాను.