అరకులో గాలం వేసిన చేప

2004 చలికాలం. అప్పటికి అరకులో అక్వేరియం షాపు నాదొక్కటే. అమ్మేది గోల్డ్‌ఫిష్, గప్పీలే అయినా, మెరైన్ ట్యాంక్, అంటే సముద్రపు నీటి తొట్టి, కొండ మీద నిలబెట్టగలనని అందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. నవ్వకుండా నమ్మింది ఒక్క మరియమ్మ గారే. ఆవిడ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా రిటైరై అరకు దగ్గరే డుంబ్రిగుడలో ఉండేవారు.

ఆవిడ నాచేత ట్యాంకు పెట్టించింది భర్త నూకరాజు గారి కోసం. విశాఖలో బోటు మీద వేటకెళ్ళిన మనిషి. పక్షవాతం వచ్చాక ఆవిడ తన ఊరికి తెచ్చుకున్నారు. సముద్రం కనబడక ఆయన మాటలే తగ్గించేశారు. పాత స్నేహితులు వలలో పడిన ఫ్రాగ్‌ఫిష్‌ను ఇస్తే, నేను క్యాన్లలో సముద్రపు నీళ్ళు నింపుకుని దాన్ని రైల్లో తెచ్చాను.

ఆ చేప అచ్చం రాయిలా ఉంటుంది. నెత్తి మీద సన్నటి గాలం ఆడించి, దగ్గరకొచ్చినదాన్ని గుటుక్కున మింగుతుంది. ఎక్కడుందో మాకెవరికీ కనబడేది కాదు. నూకరాజు గారు మంచం మీంచి ఎడమ చెయ్యి చాపి చూపించి, "గుడ్డోళ్ళు" అని మమ్మల్ని వెక్కిరించేవారు.

ఒకరోజు మరియమ్మ గారు ఫోన్ చేశారు. "బేగి రా బాబూ. సేప తినడం మానేసింది. ఈయనా గోడకేసి తిరిగిపోయాడు, ముద్ద ముట్టడం లేదు."

వెళ్ళగానే నీటిలో ఉప్పెంతో చెప్పే హైడ్రోమీటర్ ముంచాను. ముల్లు ఎక్కడికో పైకి పోయింది.

"సిస్టర్ గారూ, నీళ్ళు తగ్గితే ఏం పోస్తున్నారు?"

"ఏటి పోస్తాను? సముద్రం సేపకి సముద్రం నీళ్ళే. నువ్వు తెచ్చిన క్యాన్లోవే!"

అదీ సంగతి. మా చలికి హీటర్ ఆగకుండా నడుస్తోంది. నీరు ఆవిరైపోతోంది, ఉప్పు మిగిలిపోతోంది, మరిగిన పులుసులాగా. పైగా మళ్ళీ ఉప్పునీరే. మంచినీళ్ళు కలపాలి, కానీ ఒక్కసారిగా పోస్తే చేప తట్టుకోలేదు.

"చుక్కచుక్కగా ఎక్కించాలండీ" అన్నాను.

"ఓస్, అంతేనా!" అని ఆవిడ బీరువాలోంచి సెలైన్ సెట్టు తీశారు. నేను ట్యాంకులోంచి కొంత నీరు తోడేశాను. ఆవిడ మంచినీళ్ళ సీసా మేకుకి తగిలించి, చిన్న చక్రం తిప్పి చుక్కలు సరిచేశారు. ఆ చెయ్యి చూస్తే నాకు ధైర్యం వచ్చింది.

రెండు రోజులకు ఉప్పు దారికొచ్చింది. మర్నాడు పొద్దున బతికున్న రొయ్యపిల్లను వదిలాను. ట్యాంకులో ఏదీ కదల్లేదు. అంతలో వెనక మంచం కిర్రుమంది.

"సూడరా, గాలం ఏసింది!"

నూకరాజు గారు ఇటు తిరిగి ఉన్నారు. నేను అటు చూసేసరికి రొయ్య లేదు.

"మింగేసింది కదరా, గుడ్డోడా!"

మరియమ్మ గారు కళ్ళు తుడుచుకుంటూ, "జావ తెత్తాను, తాగుతావా?" అన్నారు.

"తే. బేగి తే."

కొండ మీద సముద్రపు చేపను బతికించానని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. సగం గొప్ప సిస్టర్ గారి సెలైన్ సెట్టుకి ఇస్తాననుకోండి. ఆ తర్వాత ఎన్ని ఇళ్ళలో ట్యాంకులు పెట్టినా, హైడ్రోమీటర్ తీసే ముందు ఒకటి అడుగుతాను: "దీన్ని రోజూ చూసేదెవరండీ?" ముందు వాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళకి ఏం కనబడుతోందో వింటాను.