బొట్టు పెట్టిన నట్టు

మా ఆయన సారయ్య నోరు తెరవడు. ఆయన మాట్లాడాల్సినయి గూడ నేనే మాట్లాడుత. గిది గూడ గంతే.

దంతాలపల్లిల ట్రాక్టర్లు బాగుచేసుకునేటోన్ని ఘనపూర్ హన్మంత్ పటేల్ జనగామ తోల్కపోయిండు. పటేల్ కొడుకు జశ్వంత్‌కు రేసు కార్ల పిచ్చి. జనగామల షెడ్డు ఏసి, చెన్నై పందేలకు కారు తయారు చేసిన్రు. ఆ పందెం ఆరు గంటలు. ఇద్దరు డ్రైవర్లు మారుకుంట నడపాలె, అండ్ల ఒకలు జశ్వంత్. మొదటేడు కారు సగంలనే ఆగింది. రెండో ఏడు కప్పు గెలిచిన్రు. చౌరస్తాల ఫ్లెక్సీ కట్టిన్రు, అండ్ల మా ఆయన ఓ మూలకున్నడు. నేను పనిగట్టుకొని పోయి చూసొచ్చిన.

షెడ్డుల ఆయనదో పద్ధతి. టైరు నట్టు గట్టిగ బిగించినంకనే దానికి కుంకుమ బొట్టు పెట్టాలె. బొట్టుంటె బిగించినట్టు, లేకుంటె లేనట్టు. ఎవలు బిగించినా గదే కాయిదా.

మూడో ఏడు పందెం దసరా నాడు పడ్డది. చెన్నైల మా ఆయన ముందలి టైరు నట్లు చేత్తోని తిప్పి పెట్టి, ఇంజను కాడ ఏందో పరేషాన్ ఉంటె గటు పోయిండు. గప్పుడే జశ్వంత్ తల్లి రుక్మిణమ్మ కారుకు పూజ చేసింది. పూలు, పసుపు, నట్టు నట్టుకూ బొట్టు. పందెం కోసం పూలు తీసేసినంక ఈయన వచ్చి బొట్లు చూసి, తన కింద పనిచేసే దిలీప్ బిగించిండనుకున్నడు. పందెం మొదలైన కాసేపటికే టైరు ఊడి కారు గోడకు గుద్దింది. జశ్వంత్ కాలు ఇరిగింది.

పటేల్ అందరి ముందట మా ఆయన్ను ఎల్లగొట్టిండు. షెడ్డుకు తాళం పడ్డది. మల్ల ట్రాక్టర్ల కింద దూరిండు. అసలు సంగతి నాకొక్కదానికే చెప్పిండు. నాకు ఒళ్లు మండింది. పోయి పటేల్‌ను కడిగేస్తనన్న. చెయ్యి పట్టుకొని ఆపిండు.

"నీ పూజతోనే కొడుకు కాలు ఇరిగిందని ఆ తల్లికి ఎట్ల చెప్పాలె యమునా?"

పోకుంట ఆగిన. కోపమైతే పోలే.

ఏడాదికి జశ్వంత్ కాలు బాగైంది. ఎవలో ఫోన్ల తీసిన పూజ వీడియో చూసి, నట్లకు బొట్లు పెట్టింది తల్లేనని తెల్సుకున్నడట, ఆమెకు గూడ చూపిచ్చిండట. మా ఇంటికొచ్చి, సారయ్యన్న బిగించకుంటె కారెక్కనని కూసున్నడు. ఈయన పోయిండు. నేను ఊకుంటనా, వెంబడి పోయిన.

షెడ్డు తెరిచిన్నాడు రుక్మిణమ్మ కుంకుమ పళ్లెం పట్టుకొని వచ్చింది. కారు దిక్కు పోలే. మా ఆయన ముందట నిలబడ్డది.

"బండికి నువ్వే పెట్టు బిడ్డా. నీకు నేను పెడత," అని ఆయన నొసటికి బొట్టు పెట్టింది.

ఆమెను తిడదామని దారిపొడుగునా ఎన్నో అనుకున్న. అవన్నీ ఇడిచిపెట్టి ఆమె చేతుల పళ్లెం అందుకున్న. ఆయన పానా తీసుకొని ముందలి టైరు కాడ కూసున్నడు.